సరిహద్దు గోడ... సందేశాల్లో నిజమెంత?

అమెరికా - మెక్సికో సరిహద్దుపై సెల్‌ఫోన్లలో వెల్లువ
పాత చిత్రాలు, అరకొర అంకెలతో అయోమయం
నమ్మి మోసపోతే మూల్యం చెల్లించేది కుటుంబాలే

గుడివాడ: పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో తెల్లవారగానే దినపత్రిక కంటే ముందు సెల్‌ఫోన్ పలకరిస్తోంది. ‘మెక్సికో సరిహద్దులో గోడ పూర్తయింది, ఇక పిట్ట కూడా దాటలేదు’ అని ఒక సందేశం. ‘గోడ అంతా బూటకం, నిచ్చెన వేసుకుని ఇట్టే దాటేస్తున్నారు’ అని వెనువెంటనే మరొకటి. రెండింటికీ చిత్రాలు జతచేసి ఉంటాయి, అంకెలూ ఉంటాయి. చదివినవారు మరో పదిమందికి పంపుతారు. టెక్సాస్‌లో చదువుతున్న కుమార్తెకు ఏమవుతుందోనని తల్లి కలవరపడుతుంది. ‘గోడ లేని చోట దాటిస్తాం’ అనే దళారి మాటకు మరో ఇంట్లో తండ్రి పొలం కాగితాల వంక చూస్తాడు. అందువల్ల పదమూడు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న గోడ గురించి నిజానిజాలు తెలుసుకోవడం కాలక్షేపం కాదు, అవసరం.

ఈ సందేశాల్లో పూర్తిగా కల్పితమైనవి తక్కువే. ఒక నిజమైన అంకెనో, నిజమైన చిత్రాన్నో తీసుకుని, దాని చోటును, కాలాన్ని, సందర్భాన్ని తొలగించి ప్రచారంలో పెట్టినవే అధికం. అందువల్లనే అవి నమ్మదగినవిగా తోస్తాయి. విస్తృతంగా ప్రచారమైన కొన్ని వాదనలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

గోడ ఎక్కడుంది? ఎలా ఉంది?

అమెరికా, మెక్సికోల మధ్య సరిహద్దు పొడవు 1,954 మైళ్లు, అంటే సుమారు 3,145 కిలోమీటర్లు. పడమట పసిఫిక్ తీరాన శాన్‌డియేగో, టిహువానా నగరాల వద్ద మొదలై తూర్పున మెక్సికో సింధుశాఖ సమీపంలో బ్రౌన్స్‌విల్, మటమోరోస్ పట్టణాల వద్ద ముగుస్తుంది. అమెరికా వైపున కాలిఫోర్నియా, అరిజోనా, న్యూమెక్సికో, టెక్సాస్ రాష్ట్రాలు ఉన్నాయి. టెక్సాస్‌లో రియో గ్రాండే నదే హద్దు.

గోడ అనగానే మన కళ్ల ముందు మెదిలేది చైనా గోడ వంటి కట్టడం. ఇక్కడ ఉన్నది అటువంటిది కాదు. అత్యధిక భాగం కాంక్రీటు నింపిన ఉక్కు స్తంభాల వరుస. ఎత్తు 18 నుంచి 30 అడుగులు. స్తంభాల సందుల్లోంచి అవతలి వైపు కనిపిస్తుంది. మరికొన్నిచోట్ల ఉన్నవి వాహనాలు రాకుండా పాతిన అడ్డుకమ్మీలు మాత్రమే. జీపు ఆగుతుంది గానీ మనిషి కాలెత్తి దాటవచ్చు. 2017 జనవరి నాటికి మొత్తం 654 మైళ్ల మేర అడ్డుకట్ట ఉండగా, అందులో పాదచారులను ఆపేది 354 మైళ్లు, వాహనాలను మాత్రమే ఆపేది 300 మైళ్లు. ‘654 మైళ్ల గోడ’ అని రాసినా, ‘354 మైళ్లే గోడ’ అని రాసినా అంకె తప్పు కాదు. దేనిని గోడ అంటున్నారన్నదే తేడా.

నదికి సంబంధించి మరో అపోహ ఉంది. నది నడుమ గోడ కట్టరు గనుక టెక్సాస్‌లో అది ఒడ్డుకు దూరంగా, అమెరికా భూభాగంలోనే నిర్మించారు. కొన్నిచోట్ల నదికి, గోడకు మధ్య పొలాలు, ఇళ్లు సైతం చిక్కుకున్నాయి. అందువల్ల గోడకు అవతల నిలబడిన జనం చిత్రాన్ని చూసి ‘వీరింకా మెక్సికోలోనే ఉన్నారు’ అనుకోవడం పొరపాటు. నది దాటి ఒడ్డెక్కిన వ్యక్తి అప్పటికే అమెరికా గడ్డపై ఉన్నట్లు లెక్క.

‘ట్రంప్‌కు ముందు గోడే లేదు’

ఇది వాస్తవం కాదు. శాన్‌డియేగో వద్ద 14 మైళ్ల కంచె నిర్మాణం 1990లో మొదలై 1993లో పూర్తయింది. 1994లో క్లింటన్ ప్రభుత్వం అక్కడే ‘ఆపరేషన్ గేట్‌కీపర్’ పేరిట గస్తీని ముమ్మరం చేసింది. 2006 అక్టోబరు 26న అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేసిన చట్టం సుమారు 700 మైళ్ల మేర కంచె నిర్మాణానికి ఆమోదం తెలిపింది. ఆ బిల్లుకు సెనేట్‌లో అనుకూలంగా 80, వ్యతిరేకంగా 19 ఓట్లు పడ్డాయి. అనుకూలంగా ఓటు వేసినవారిలో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్, జో బైడెన్ ఉన్నారు.

ఈ చివరి వాక్యాన్ని మాత్రమే పట్టుకుని ‘డెమొక్రాట్లు నాడు గోడకు ఓటేశారు, నేడు మాట మార్చారు’ అని మరో వాదన బయలుదేరింది. ఓటు వేసిన మాట నిజం. అయితే వారు ఓటు వేసింది సరిహద్దులో కొంత భాగానికి కంచె కోసం. రెండు వరుసల కంచె తప్పనిసరి అన్న నిబంధనను మరుసటి ఏడాదే సడలించారు. 2015లో డొనాల్డ్ ట్రంప్ ప్రకటించిన భారీ గోడ ప్రతిపాదన, 2006 నాటి చట్టం ఒకటి కావు. ఒక నిజాన్ని మరో నిజం పక్కన నిలిపితేనే ఈ తేడా తెలుస్తుంది.

458 మైళ్ల మర్మం

‘ట్రంప్ తొలి పదవీకాలంలో 458 మైళ్ల కొత్త గోడ కట్టారు’ అన్నది ఒక వర్గం వాదన. ‘కట్టింది 52 మైళ్లే’ అన్నది మరో వర్గం వాదన. విచిత్రమేమిటంటే రెండు అంకెలూ ఒకే పత్రంలోనివి. 2021 జనవరి నాటి అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ లెక్క ప్రకారం పూర్తయిన పని 458 మైళ్లు. ఇందులో 373 మైళ్లు శిథిలమైన లేదా కాలం చెల్లిన పాత అడ్డుకట్టల స్థానంలో నిర్మించినవి. అంతకుముందు ఏమీ లేనిచోట కట్టిన తొలి వరుస గోడ 52 మైళ్లు. ఉన్న గోడకు వెనుకగా కొత్తగా లేపిన రెండో వరుస 33 మైళ్లు. మూడూ కలిపితే 458.

మోకాలెత్తు అడ్డుకమ్మీని తీసివేసి 30 అడుగుల ఉక్కు గోడ నిలిపితే దానిని కొత్త గోడ అనడం పూర్తిగా అసమంజసమేమీ కాదు. అయితే 458 మైళ్ల ఖాళీ సరిహద్దు మూతపడిందని అర్థం వచ్చేలా రాయడం మాత్రం తప్పు. మన ఊళ్లలో పాత తారురోడ్డును తవ్వి సిమెంటు రోడ్డు వేసి ‘కొత్త రోడ్డు’ అని శిలాఫలకం పెట్టడం వంటిదే ఇది. రోడ్డు మెరుగుపడిన మాట నిజం, రోడ్డు లేని ఊరికి దారి వచ్చిన మాట నిజం కాదు.

2021 జనవరి 20న బైడెన్ అధ్యక్ష పదవి చేపట్టిన రోజే నిర్మాణం నిలిపివేతకు ఆదేశించారు. దీని ఆధారంగా ‘బైడెన్ ఒక్క అడుగూ కట్టలేదు’ అన్న ప్రచారం సాగింది. అదీ సరికాదు. 2023 అక్టోబరులో ఆయన ప్రభుత్వమే 26 కేంద్ర చట్టాలను పక్కనపెట్టి టెక్సాస్‌లోని స్టార్ కౌంటీలో సుమారు 20 మైళ్ల నిర్మాణానికి ముందుకు వచ్చింది. 2019లో అమెరికా కాంగ్రెస్ గోడ కోసమే కేటాయించిన నిధులను మరో పనికి మళ్లించే వీలు లేదని బైడెన్ నాడు వివరణ ఇచ్చారు.

ఖర్చు భరించింది ఎవరు?

‘మెక్సికోయే సొమ్ము చెల్లించింది’ అనే సందేశం ఇప్పటికీ తిరుగుతోంది. తొలి పదవీకాలంలో గోడకు కేటాయించిన సుమారు 1,500 కోట్ల డాలర్లు అమెరికా ఖజానా సొమ్మే. కాంగ్రెస్ కోరినంత ఇవ్వకపోవడంతో 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులపాటు ప్రభుత్వ కార్యాలయాలు పాక్షికంగా మూతపడిన సంగతి తెలిసిందే. ట్రంప్ ప్రభుత్వం 570 కోట్ల డాలర్లు అడగగా, చివరకు కాంగ్రెస్ మంజూరు చేసింది 137.5 కోట్లు. దరిమిలా 2019 ఫిబ్రవరి 15న అత్యవసర పరిస్థితి ప్రకటించి సైనిక నిధులను గోడకు మళ్లించారు. రెండో పదవీకాలంలో 2025 జులై 4న సంతకమైన చట్టం ద్వారా గోడ పనులకు కేటాయించిన 4,650 కోట్ల డాలర్లూ అమెరికా పన్ను చెల్లింపుదారులవే.

మెక్సికోతో 2020 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త వాణిజ్య ఒప్పందం ద్వారా పరోక్షంగా ఆ సొమ్ము రాబడుతున్నామని ట్రంప్ వాదించారు. ఆ ఒప్పందంలో గోడకు చెల్లింపుల ప్రస్తావన లేదు. మెక్సికో తన ఖర్చుతో 2019లో దక్షిణ సరిహద్దుకు బలగాలను తరలించి వలసలను అడ్డుకున్న మాట మాత్రం వాస్తవం. అది గస్తీ ఖర్చు, గోడ ఖర్చు కాదు.

చిత్రం ఒకచోటిది... మాట మరోచోటిది

గోడ వివాదంలో చిత్రాల మాయాజాలం ఎంతటిదో 2016 జనవరిలోనే బయటపడింది. ట్రంప్ తొలి టీవీ ప్రకటనలో దక్షిణ సరిహద్దును ప్రస్తావిస్తున్న వేళ, చీమల బారులా జనం సరిహద్దుపైకి దూసుకువస్తున్న దృశ్యం కనిపించింది. పరిశీలించగా అది మెక్సికో సరిహద్దు కాదని, ఆఫ్రికా ఖండంలోని మొరాకో నుంచి స్పెయిన్ ఏలుబడిలోని మెలిల్లా పట్టణంలోకి 2014లో జనం చొరబడుతున్న దృశ్యమని తేలింది. గోడ లేకపోతే ఏమి జరుగుతుందో చూపడానికే దానిని వాడామని ప్రచార బృందం సమర్థించుకుంది. చూసినవారికి మాత్రం అది మరో ఖండమని తెలిసే అవకాశం లేదు.

2018 మార్చి 28న మరో ఉదంతం. ‘గోడ ప్రారంభమైంది’ అంటూ ట్రంప్ నిర్మాణ చిత్రాలను విడుదల చేశారు. ఆ చిత్రాలు కాలిఫోర్నియాలోని కాలెక్సికో వద్ద రెండుంబావు మైళ్ల పాత కంచెను మార్చే పనికి సంబంధించినవి. ఆ మార్పిడి అవసరమని 2009లోనే గుర్తించారు. చిత్రం అసలైనదే, చోటూ సరైనదే. తప్పు దాని కింద రాసిన మాటలో ఉంది.

ఎల్ పాసో నేర్పిన పాఠం

2019 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ఉభయ సభలనుద్దేశించి చేసిన ప్రసంగంలో ట్రంప్ టెక్సాస్‌లోని ఎల్ పాసో నగరాన్ని ఉదహరించారు. ఒకప్పుడు దేశంలోని అత్యంత ప్రమాదకర నగరాల్లో ఒకటిగా ఉన్న ఆ ఊరు, కంచె రావడంతో సురక్షితమైందని పేర్కొన్నారు. ఇది విపరీతంగా ప్రచారమైంది. అయితే పోలీసు లెక్కలు వేరే కథ చెబుతున్నాయి. ఎల్ పాసోలో హింసాత్మక నేరాలు 1993లో గరిష్ఠ స్థాయికి చేరి, 2006 నాటికి 34 శాతం మేర తగ్గాయి. కంచె నిర్మాణం జరిగింది 2008, 2009 సంవత్సరాల్లో. 2006 నుంచి 2011 మధ్య నేరాలు 19 శాతం పెరిగాయి. తమ నగరం ఎన్నడూ అంత ప్రమాదకరంగా లేదని ట్రంప్ సొంత రిపబ్లికన్ పార్టీకి చెందిన నాటి మేయరే ఖండించడం గమనార్హం.

కంచె వల్లనే నేరాలు పెరిగాయని ఈ లెక్కల నుంచి తేల్చడం కూడా అంతే తొందరపాటు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమైపోదు.

దాటరానిదా? దండగా?

‘గోడ దాటడం అసాధ్యం’, ‘గోడ శుద్ధ దండగ’ అన్న రెండు వాదనలూ నిలవవు. 1994లో శాన్‌డియేగో విభాగంలో సరిహద్దు గస్తీదళం పట్టుకున్నవారి సంఖ్య 4.5 లక్షలు. కంచె, గస్తీ పెరిగిన తర్వాత 2000 నాటికి అది సుమారు 1.5 లక్షలకు తగ్గింది. అంటే ఆ చోట అడ్డుకట్ట పని చేసిందన్నమాట. అదే 2000 సంవత్సరంలో అరిజోనా ఎడారిలోని టూసన్ విభాగంలో 6.16 లక్షల మంది పట్టుబడ్డారు. ప్రవాహం ఆగలేదు, పక్కకు మళ్లింది. కట్ట వేసినచోట నీరు ఆగుతుంది, పల్లం ఉన్న మరోచోట గండి పడుతుంది.

కొత్త ఉక్కు గోడ సైతం అభేద్యం కాదు. 2019 నుంచి 2021 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో దానిని 3,272 సార్లు కోసినట్లు ప్రభుత్వ మరమ్మతుల రికార్డుల్లో వెల్లడైంది. చాలాచోట్ల ఇందుకు వాడినవి అంగళ్లలో దొరికే కరెంటు రంపాలే. మరోవైపు ఎత్తు పెరగడంతో ప్రమాదాలూ పెరిగాయి. గోడపై నుంచి పడి శాన్‌డియేగోలోని ఒక వైద్యశాలలో చేరినవారు 2016 - 2018 మధ్య 67 మంది కాగా, ఎత్తును 30 అడుగులకు పెంచిన తర్వాత 2019 - 2021 మధ్య ఆ సంఖ్య 375కు చేరిందని వైద్యుల అధ్యయనం తేల్చింది.

అంకె నిజమే... అర్థం?

‘గోడ కట్టాక చొరబాట్లు ఆగిపోయాయి’ అనేవారు ఒక ఏడాది అంకె చూపుతారు. ‘పెరిగాయి’ అనేవారు మరో ఏడాది అంకె చూపుతారు. దక్షిణ సరిహద్దులో గస్తీదళం పట్టివేతలు 2017 ఆర్థిక సంవత్సరంలో సుమారు 3.04 లక్షలు, 2019లో 8.51 లక్షలు, కరోనా విజృంభించిన 2020లో సుమారు 4 లక్షలు, 2022లో 22 లక్షలు, 2024లో 15.3 లక్షలు, 2025లో సుమారు 2.4 లక్షలు. ఇంతటి ఆటుపోట్లకు గోడ ఒక్కటే కారణం కాజాలదు. ఆశ్రయం నిబంధనలు, మెక్సికో గస్తీ, మహమ్మారి, లాటిన్ అమెరికా దేశాల్లోని ఆర్థిక సంక్షోభాలు అన్నీ ఇందులో ఉన్నాయి. 2023 డిసెంబరులో ఒక్క నెలలోనే దాదాపు 2.5 లక్షలకు చేరిన పట్టివేతలు మెక్సికో కట్టడితోను, 2024 జూన్‌లో ఆశ్రయంపై విధించిన ఆంక్షలతోను బాగా తగ్గాయి. 2025 జనవరిలో ఆశ్రయ ద్వారాలు దాదాపు మూసివేయడంతో మరింత పడిపోయాయి. ఈ తగ్గుదల అంతా 2025 చట్టం నిధులతో కొత్త గోడ లేవకముందే మొదలైంది.

మరో రెండు మెలికలు ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబరులో మొదలై సెప్టెంబరుతో ముగుస్తుంది. మామూలు క్యాలెండరుతో పోల్చితే లెక్క తప్పుతుంది. రెండోది, ఈ అంకెలు పట్టివేతలవే గానీ మనుషులవి కావు. ఒకే వ్యక్తి మూడుసార్లు పట్టుబడితే మూడుగా నమోదవుతాడు.

మాదకద్రవ్యాల విషయంలోనూ ఇదే తంతు. ప్రాణాంతకమైన ఫెంటానిల్ ఎడారి దారుల్లో మూటలు మోసుకుని వచ్చేవారి ద్వారానే వస్తోందన్న ప్రచారం ఉంది. సరిహద్దులో పట్టుబడిన సరకులో దాదాపు 90 శాతం అధికారిక ప్రవేశద్వారాల వద్ద, తనిఖీ కేంద్రాల్లో వాహనాల్లో దొరికిందే. గోడ ఎంత ఎత్తున్నా ఆ ద్వారాలు తెరిచే ఉండాలి, లారీలు, కార్లు సాగుతూనే ఉండాలి. పట్టుబడనిది ఈ లెక్కలోకి రాదన్న పరిమితిని కూడా గుర్తుంచుకోవాలి.

వ్యతిరేకించేవారు ఎవరు?

‘గోడ వద్దనేవారంతా చొరబాట్లను సమర్థించేవారే’ అన్నది మరో ప్రచారం. కాలిఫోర్నియా, అరిజోనా, న్యూమెక్సికోల్లో సరిహద్దు వెంట 60 అడుగుల వెడల్పు భూమిని 1907లోనే ప్రభుత్వం కేటాయించి ఉంచింది. టెక్సాస్‌లో నది ఒడ్డు భూములు అధికంగా రైతులవి, పశుపోషకులవి. గోడ రావాలంటే వారి భూమిని సేకరించాలి. తరతరాల పొలం నడుమ గోడ లేస్తుందని కోర్టుకెక్కినవారిలో కట్టుదిట్టమైన సరిహద్దును కోరుకునేవారూ ఉన్నారు. అరిజోనాలో తొహోనో ఓధమ్ గిరిజనుల నేల హద్దుకు ఇరువైపులా విస్తరించి ఉంది. గోడ కోసం పర్యావరణ చట్టాలతో సహా అనేక చట్టాలను పక్కనపెట్టే అధికారాన్ని 2005 నాటి చట్టం అక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రికి ఇచ్చింది. భూసేకరణ అంటే ఏమిటో ఎరిగిన మన జిల్లాల రైతులకు ఈ వివాదం లోతు విడమరచి చెప్పనక్కరలేదు.

విరాళాల పేరిట వంచన

తప్పుడు ప్రచారం జేబుకు చిల్లు పెట్టిన ఉదంతం అమెరికాలోనే ఉంది. 2018 డిసెంబరులో బ్రయాన్ కోల్‌ఫేజ్ అనే మాజీ సైనికుడు గోడ కోసమంటూ అంతర్జాలంలో విరాళాలకు పిలుపునిచ్చారు. లక్ష్యం 100 కోట్ల డాలర్లు. తాను పైసా తీసుకోబోనని, ప్రతి డాలరూ గోడకేనని హామీ ఇచ్చారు. రెండున్నర కోట్ల డాలర్లకు పైగా పోగయింది. న్యూమెక్సికోలోని సన్‌లాండ్ పార్క్ వద్ద అర మైలు గోడ లేచిన మాట నిజమే. అయితే అందులో కొంత సొమ్మును సొంతానికి వాడుకున్నట్లు తేలడంతో 2023 ఏప్రిల్‌లో ఆయనకు న్యాయస్థానం నాలుగేళ్ల మూడు నెలల జైలుశిక్ష విధించింది. విరాళమిచ్చినవారు గోడను మనస్ఫూర్తిగా కోరుకున్న సామాన్యులు. మోసపోయింది వ్యతిరేకులు కాదు, నమ్మినవారే.

తెలుగువారికి సంబంధమేమిటి?

‘ఒక్క ఏడాదిలో 97 వేల మంది భారతీయులు మెక్సికో గోడ దూకారు’ అన్న సందేశం తెలుగులోనూ తిరిగింది. 2023 ఆర్థిక సంవత్సరంలో అమెరికా అధికారులకు చిక్కిన భారతీయుల సంఖ్య 96,917 అన్నది వాస్తవం. అందులో మెక్సికో సరిహద్దులో చిక్కినవారు 41,770 మంది. కెనడా సరిహద్దులో చిక్కినవారు 30,010 మంది. మిగిలినవారు ఇతర చోట్ల నమోదైనవారు. కెనడా సరిహద్దులో గోడ ప్రసక్తే లేదు.

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించింది. వెల్లడైన వివరాల ప్రకారం వారిలో హర్యానా, గుజరాత్‌లకు చెందినవారు 33 మంది చొప్పున, పంజాబ్ వారు 30 మంది, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్ వారు ముగ్గురు చొప్పున, చండీగఢ్ వారు ఇద్దరు. ఆ విమానం జాబితాలో తెలుగు రాష్ట్రాల పేరు లేదు.

తెలుగువారికి ఎదురయ్యే చిక్కు వేరే ఉంది. అమెరికాకు వెళ్లే తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు వీసాతో విమానంలో దిగేవారే. గడువు తీరినా ఉండిపోవడం, హోదా కోల్పోవడం వంటివే వారిని కష్టాల్లోకి నెట్టుతున్నాయి. 2019 ఆర్థిక సంవత్సరంలో వివిధ దేశాలకు చెందినవారు గడువు మీరి ఉండిపోయిన ఘటనలు సుమారు 6.76 లక్షలని అమెరికా ప్రభుత్వ నివేదిక వెల్లడించింది. వీరిని ఏ గోడా ఆపదు. అదే ఏడాది జనవరిలో మిషిగన్‌లోని ‘ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం’ ఉదంతంలో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. అది అక్కడి అధికారులు వల పన్నేందుకు నెలకొల్పిన ఉత్తుత్తి సంస్థ. ఆమోదిత సంస్థల జాబితాలో సైతం దాని పేరు కనిపించింది. లేనివల్లా తరగతులు, అధ్యాపకులు.

టెక్సాస్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు మరో సంగతి గ్రహించాలి. తెలుగువారు ఎక్కువగా నివసించే డాలస్ నుంచి సరిహద్దు పట్టణం లారెడో దాదాపు 700 కిలోమీటర్ల దూరం. సరిహద్దులో ఏ అలజడి జరిగినా డాలస్‌లో పిల్లలు ఆపదలో ఉన్నట్లు కాదు. అయితే దక్షిణ టెక్సాస్ సముద్రతీరానికి విహారానికి వెళ్లేవారికి తిరుగు ప్రయాణంలో రహదారిపై సరిహద్దు గస్తీ తనిఖీ కేంద్రాలు ఎదురవుతాయి. పాస్‌పోర్టు, వీసా పత్రాలు వెంట ఉంచుకోవడం తప్పనిసరి.

దళారుల మాటే అన్నింటికంటే ప్రమాదకరం. ‘గోడ లేని చోట దాటిస్తాం’ అన్నదాంట్లోనూ సగం నిజం ఉంది. గోడ లేని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ గోడ ఎందుకు లేదో మాత్రం దళారి చెప్పడు. అలాంటి చాలాచోట్ల ఎడారో, కొండో, నదో గోడ కంటే కఠినంగా కాపలా కాస్తుంది. 2019 జూన్‌లో దళారులు అరిజోనా ఎడారిలో దించి వెళ్లిన బృందంలోని ఆరేళ్ల భారతీయ బాలిక ఎండదెబ్బకు ప్రాణాలు విడిచింది. నీళ్ల కోసం వెళ్లిన తల్లి తిరిగి వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

పరిశీలించేది ఎలా?

సందేశం అందగానే నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు గుట్టు బయటపడుతుంది.

ఒకటి, చిత్రం ఎక్కడిది, ఎప్పటిది? అదే చిత్రాన్ని గూగుల్‌లో వెతికితే మొదట ఎక్కడ ప్రచురితమైందో సాధారణంగా తెలిసిపోతుంది. వాహనాల నంబరు పలకలు, పోలీసుల దుస్తులు, బోర్డులపై భాష కూడా చోటును పట్టిస్తాయి.

రెండు, అంకె దేనిని లెక్కించింది? కొత్త గోడనా, మార్చిన గోడనా? మనుషులనా, పట్టివేతలనా? ఒక్క సరిహద్దునా, దేశం మొత్తాన్నా? అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ నెలవారీ లెక్కలను తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతోంది.

మూడు, ఏ ఏడాదితో ఏ ఏడాదిని పోల్చారు? అత్యధికంగా ఉన్న నెలను, అత్యల్పంగా ఉన్న నెలను ఏరి పక్కపక్కన పెడితే ఏ వాదననైనా నిరూపించవచ్చు.

నాలుగు, ఇది నమ్మితే లాభపడేది ఎవరు? ఓటు అడిగేవారా, విరాళం అడిగేవారా, అడ్వాన్సు అడిగేవారా? చివరివారైతే సందేశాన్ని మరొకరికి పంపకుండా భద్రపరచి, పోలీసులకు ఫిర్యాదు చేయడం ఉత్తమం.

గోడ మంచిదా, చెడ్డదా అన్నది అమెరికా ఓటర్లు తేల్చుకోవలసిన విషయం. మైళ్లు, డాలర్లు, తేదీలు మాత్రం ఎవరి అభిప్రాయంపైనా ఆధారపడవు. ఆ గోడను కళ్లారా చూసే అవకాశం ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామందికి రాకపోవచ్చు. దాని పేరు చెప్పి ఎవరైనా పొలం కాగితాలు అడిగిన రోజున, సంతకానికి ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగడం వారి చేతిలోని పనే.